కాటా గుమాస్తా గొంతు

ల్యాప్‌టాప్ విప్పడం ఇప్పుడు అందరికీ వచ్చు. ఫోన్‌లో వీడియో పెట్టుకుని చిన్న స్క్రూడ్రైవర్ చేతపడితే ఒక పూటలో విప్పేస్తారు. బిగించేటప్పుడే మేం గుర్తొస్తాం. ఒక చేతిలో ల్యాప్‌టాప్, ఇంకో చేతిలో మిగిలిపోయిన స్క్రూల పొట్లంతో మా దుకాణం మెట్లెక్కినవాళ్లు ఎంతమందో లెక్కలేదు. వాళ్లను నేను ఊరికే వదిలేవాణ్ణి కాదు. "గిన్ని స్క్రూలు మిగిలినయంటే, కంపెనీవాళ్లు పనిలేక ఎక్కువ పెట్టిన్రనుకున్నవా?" అని నాలుగు అంటించాకే పని మొదలుపెట్టేవాణ్ణి. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని నిజామాబాద్ బజారులో పేరు.

ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. సన్న స్క్రూ పట్టుకుంటే కాసేపటికి అది నేలమీద ఉంటోంది, దాన్ని వెతకడానికి ఇంకొకరు కావాల్సి వస్తోంది. అందుకని దుకాణం నాతో పనిచేసే భాయ్‌కి వదిలేసి ఇంట్లో కూర్చున్నాను. ఈ పనిలోకి కొత్తగా దిగినవాళ్లు అప్పుడప్పుడూ వచ్చి, మీ సర్వీసులో అన్నిటికన్నా కష్టమైన రిపేరు ఏదని అడుగుతుంటారు. ఏదో చిప్పు పని రహస్యం చెబుతానని వాళ్ల ఆశ. నాకు గుర్తొచ్చేది మాత్రం ఒక మామూలు ల్యాప్‌టాప్. దాన్ని విప్పాం, తుడిచాం, బాగుచేశాం. మా పనికి వంక పెట్టడానికి ఏమీ లేదు. అయినా దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

మా జిల్లాలో ల్యాప్‌టాప్ వెనక మూత తీస్తే అది ఏ వైపుదో చాలావరకు చెప్పేయొచ్చు. ఆర్మూర్, మోర్తాడ్ నుంచి వచ్చిందైతే ఫ్యాన్ రెక్కలకు పసుపు దుమ్ము. బీడీలు చుట్టే ఇంటిదైతే మూత తీయగానే తుమ్ములు. బోధన్ వైపుదైతే చెరకు ఆకు తగలబెట్టిన నల్లటి నుసి. ఫ్యాన్ తిరగకుండా వేలితో ఆపిపట్టి బ్లోయర్ కొడితే ఆ ఇంటి గాలంతా మా బల్లమీదికి వచ్చేది.

దసరా వెళ్లిన వారం మాకు మంచి గిరాకీ. ఆయుధపూజ నాడు బండికి, కుట్టు మిషన్‌కు, పంపు మోటారుకు బొట్టు పెట్టినట్టే ల్యాప్‌టాప్‌కూ పెడతారు. పొడి కుంకుమతో ఇబ్బంది లేదు, బ్రష్షుతో పోతుంది. మామిడాకు ముంచి పసుపునీళ్లు చల్లితేనే కష్టం. ఆ తడి మీటల సందుల్లోంచి కిందికి దిగుతుంది. వెంటనే ఏమీ కాదు. ఒకటి రెండు రోజులు బాగానే నడుస్తుంది. ఈలోగా లోపల బోర్డుకు చిలుము పట్టి, ఒక పొద్దున స్విచ్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. పూజకూ దీనికీ సంబంధం ఉందని ఎవరికీ తోచదు. దిష్టి తగిలిందంటారు.

దుకాణంలో ఉండేది మేమిద్దరమే. విప్పడం, తుడవడం, బిగించడం నావి. బోర్డుమీద టంకం పని భాయ్‌ది. నాకన్నా చిన్నవాడు, మాట తక్కువ, తలెత్తితే కళ్లజోడు పైనుంచి చూస్తాడు. మాకు కొన్ని పద్ధతులుండేవి. సామాను మార్చేశారని తర్వాత గొడవలు రాకుండా, మనిషి ఎదుటే మూత తీయాలి. మార్చిన పాత సామాను వాళ్లకే తిరిగి ఇవ్వాలి. ఎందుకు పాడైందో చెప్పకుండా వస్తువు చేతికివ్వకూడదు. ఈ చివరిది భాయ్ పెట్టిన పద్ధతి. కారణం చెప్పకపోతే ఇంటికి పోయి మళ్లీ అదే చేస్తారని అతని వాదన. చెప్పే తీరు మాత్రం నాది. నేను చెప్పానంటే ఆ మనిషి ఇంకోసారి ల్యాప్‌టాప్ పక్కన నీళ్ల గ్లాసు కూడా పెట్టడు.

ఆ ఏడు దసరా వెళ్లాక, ఒక మధ్యాహ్నం భార్యాభర్తలు వచ్చారు. బోధన్ దగ్గరి పల్లె. కోస్తా నుంచి తాతల నాడు వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబాలున్నాయి అక్కడ, ఆ అమ్మ వాళ్ల మనిషని మాట వినగానే తెలిసింది. ఆయన సన్నగా, పొడుగ్గా, తెల్ల చొక్కాలో ఉన్నాడు. మెడకు ఒక పలచటి తెల్లగుడ్డ కట్టుకున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా ఆ గుడ్డ లోపలికి పోయి బయటికి వస్తోంది. ఆమె తువ్వాలులో చుట్టిన ల్యాప్‌టాప్‌ను బల్లమీద పెట్టి, "మా ఆయనకు మాట పోయిందండీ" అంది.

"మాట పోతే దవాఖానకు పోవాలె గదమ్మా. ఇక్కడికొస్తే ఎట్ల?" అన్నాను. మొదటి మాటే అలా వచ్చింది నా నోట్లోంచి.

ఆమె కోప్పడలేదు. నెమ్మదిగా చెప్పింది. ఆయనకు గొంతులో పుండు లేచి, హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి గొంతు తీసేశారట. మెడకు పెట్టిన రంధ్రంలోంచే ఊపిరి. ఆసుపత్రిలో ఎవరో పుణ్యాత్ములు ఈ ల్యాప్‌టాప్‌లో ఒకటి వేసిచ్చారట. ఆయన తెలుగులో కొడితే అది పైకి చదువుతుంది. ఆయనకు టైపు వచ్చు. ఫోన్‌లో చిన్న అక్షరాలు ఆయన మొద్దు వేళ్లకు అందవు.

"కాయితమ్మీద రాస్తే సరిపోదా అని మీరు అనొచ్చు. నాకు చదువు రాదన్నయ్యగారూ. ఇది పలికితేనే ఆయనేం అంటున్నారో నాకు తెలుస్తది" అంది.

నేను తలవంచుకుని స్క్రూడ్రైవర్ తీశాను. మూత కింద స్క్రూలు ఒక్కొక్కటీ తీసి, ఎక్కడిది అక్కడ కాగితమ్మీద పేరుస్తూ ఉంటే ఆమె మాట్లాడుతూనే ఉంది.

"ఆడగొంతండీ ఇది. మగగొంతు లేదంట దీంట్లో. మొదట్లో నవ్వొచ్చేది. ఇంటికొచ్చినోళ్లు లోపలెవరో ఆడమనిషి ఉందనుకునేవాళ్లు. ఇప్పుడు కళ్లు మూసుకుని విన్నా నాకు మా ఆయనే."

ఆయన నవ్వాడు. శబ్దం లేదు. మెడమీద గుడ్డ మాత్రం రెండు మూడుసార్లు గబగబా కదిలింది.

ఫ్యాన్ మీద బోధన్ నుసి ఉంది. బ్లోయర్ కొడితే బల్లమీది నల్ల రబ్బరు పట్టా అంతా నుసీ దుమ్మూ కలిసిన బూడిదరంగు పొర పరుచుకుంది. ఆమె ఆయన వెనక స్టూలు మీద కూర్చుంది. ఆయన నా ఎదురుగా, బల్లకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఏమన్న పడ్డదా అమ్మా దీనిమీద?" అని అడిగాను.

"ఏం పడలేదండీ. దసరాకి ట్రాక్టరుతో పాటు దీన్నీ పీట మీద పెట్టి పూజ చేశాను. మా ఆయన గొంతు కదా, దీనికి చెయ్యకపోతే ఎట్టా? పసుపునీళ్లు చల్లి, పూలు పెట్టి, హారతిచ్చాను. ఆయన కూడా చప్పట్లు కొట్టారు. అంతకుముందు ఎప్పుడూ పూజలో ఆయన చెయ్యి కలిపింది లేదు. ఈసారి లేచి నిలబడి మరీ కొట్టారండీ. నాకు కళ్లనీళ్లొచ్చినయి."

అప్పటికి నేను కీబోర్డు ఊడదీశాను. వెనక రేకంతా పసుపు మరక. కింద బోర్డుమీద కరెంటు వచ్చే దారి పొడుగునా పచ్చటి చిలుము. ఒక అక్షింత గింజ కూడా ఇరుక్కుని ఉంది.

చప్పట్లు ఎందుకు కొట్టాడో నాకు తెలిసిపోయింది. ల్యాప్‌టాప్ పీట మీదుంది. అది దగ్గర లేకపోతే ఆయనకు నోరు లేదు. ఆగు అని అరవలేక, చేతులు చరుస్తూ లేచాడు. ఆమె భక్తి అనుకుంది.

నా సంగతి చెప్పాను కదా. నాలిక చివరిదాకా వచ్చింది. "నీళ్లు చల్లితివా" అని నేను మొదలుపెట్టేలోగా ఆయన చెయ్యి చాచి, నా ముంజేతిని పట్టుకున్నాడు. చల్లటి చెయ్యి. ఇంకో చేతి చూపుడువేలితో ఆ రబ్బరు పట్టామీది దుమ్ములో రాశాడు. "నీళ్లే. ఆమెకు చెప్పొద్దు."

గుండ్రటి అక్షరాలు. ఆమె స్టూలు మీంచి లేస్తుంటే నేను కీబోర్డు పసుపు వైపు కిందికి తిప్పాను. ఆమె వచ్చి భర్త భుజం పక్క నుంచి చూసింది.

"ఏం రాశారండీ ఆయన?" అని నన్నడిగింది.

ఆయన నా ముంజేతిని వదల్లేదు. నావైపే చూస్తున్నాడు.

"జాగ్రత్తగ చెయ్యమంటున్నడమ్మా" అన్నాను.

"అంతేనా? ఆయనకు ప్రతిదానికీ భయమే" అని నవ్వి మళ్లీ వెళ్లి కూర్చుంది. ఆయన అరచేతితో ఆ రాత చెరిపేశాడు. చేతికంటిన మసి చొక్కాకు అంటకుండా, చెయ్యి దూరంగా పెట్టుకునే మా మెట్లు దిగాడు.

వాళ్లు వెళ్లాక భాయ్ కళ్లజోడు పైనుంచి చూశాడు. మా బల్లల మధ్య దూరం తక్కువ, అంతా చూసినట్టున్నాడు. అయినా చెప్పాను.

"గలత్ అన్నా గిది" అన్నాడు. "చెప్పకపోతే మల్ల చేస్తది. మంచిగైనందుకు ఇంకో పూజ చేస్తది. అప్పుడెవడు బాగుచేస్తడు?"

"చెప్తే ఆయమ్మ బతుకుతదా? మొగని గొంతు నేనే పిసికిన అని కుమిలి చస్తది" అన్నాను.

"మరి ఆయన ఇంకోసారి మూగోడైతే?"

భాయ్ మాటలో తప్పేమీ లేదు. ఆయన రాతలోనూ లేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పూజ మాట ఎత్తకుండా, తడి తగలనీయొద్దని మాత్రం గట్టిగా చెప్పాలని. భాయ్ ఒప్పుకున్నాడు గానీ ఆ రోజు నుంచి నాతో సరిగ్గా మాట్లాడలేదు.

బోర్డును స్పిరిట్‌తో కడిగి, పాత పళ్ల బ్రష్షుతో చిలుము తోమాను. తిన్న చోట్ల భాయ్ వెంట్రుకంత తీగలు అతికించాడు. ఒక ముక్క, కొత్త కీబోర్డు హైదరాబాద్ నుంచి రావాలి. అవి వచ్చేదాకా ఆ ఇంట్లో మాటల్లేవు. ఆమె రోజూ ఫోన్ చేసేది.

"అయిందా అన్నయ్యగారూ?"

"సామాను రాలేదమ్మా. ఒచ్చుడుతోనే చేస్త."

ఒకరోజు ఫోన్‌లో గొంతు తడబడింది. "పొద్దున నుంచి ఏదో చెప్పాలని చూస్తన్నారండీ. చేతులు తిప్పుతారు, నాకు అర్థం కాదు. విసుగొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారు. అన్నం తినలేదు."

"కాయితమ్మీద రాయించి పక్కింట్ల ఎవరితోనన్న చదివించుకోరాదమ్మా?"

"పిల్లలు కూడా లేరండీ మాకు. ఉన్నదిద్దరం. మొగుడూ పెళ్లాల మాటలు పక్కింటోళ్లతో చదివించుకుంటామా అన్నయ్యగారూ?" అంది.

ఫోన్ పెట్టేశాక నేను హైదరాబాద్ కొట్టువాడికి ఫోన్ చేసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. భాయ్ తన బల్ల దగ్గర్నుంచే "ఇంకో రెండు తిట్టన్నా" అన్నాడు. అలా మళ్లీ మా మధ్య మాటలు కలిశాయి.

సామాను వచ్చింది. బోర్డు లేచింది. తీసుకుపోవడానికి ఆమె ఒక్కతే వచ్చింది. ఆయనకు నీరసంగా ఉందని, బస్సులో కూర్చోలేడని చెప్పింది. ఆమె ఎదుటే స్విచ్ నొక్కాను. తెర వెలిగింది. చదివే ప్రోగ్రాం తెరిచి, మైకులు, స్పీకర్లు చూసేటప్పుడు మాకున్న అలవాటు కొద్దీ అంకెలు కొట్టాను. ఆ ఆడగొంతు తేటగా, ఏ భావమూ లేకుండా పలికింది. "ఒకటి. రెండు. మూడు. నాలుగు."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది.

"అచ్చం అట్టాగే పిలిచేవారండీ" అంది. "ఆయన చక్కెర ఫ్యాక్టరీలో కాటా గుమాస్తా. చెరకు బండ్లు బారులు తీరి ఉండేవి. ఒక్కో బండికీ టోకెను. ఈయన కాటా కిటికీలోంచి నంబరు పిలిస్తే ఆ బండి తూకానికి పోవాలి. మైకు లేదు, ఏమీ లేదు. ఆ చివర బండిదాకా వినపడేది. మా నాన్నకు అన్నం తీసుకుపోయి నేను చెరకు మీద కూర్చునేదాన్ని. ఒక్కసారే పిలిచేవారు. రెండోసారి పిలవరు. ఏమరుపాటుగా ఉంటే బండి వెనక్కి పోవాల్సిందే. అందుకని అందరం ఆ గొంతు కోసం చెవులు రిక్కించి ఉండేవాళ్లం. మనిషిని తర్వాత చూశానండీ. ముందు గొంతే విన్నాను."

భాయ్ చేతిలో పని ఆపి వింటున్నాడు. ఆమె తువ్వాలు పరిచింది, ల్యాప్‌టాప్ చుట్టుకోవడానికి.

"తడి మాత్రం తగలనియ్యకమ్మా" అన్నాను. "గాలిలో చెమ్మ కూడా పడదు దీనికి. ఏదన్న పండుగొస్తే ఒక పువ్వు పెట్టు, చాలు."

"అట్టాగేనండీ. ఎందుకు పాడైందంటారు?"

భాయ్ తల వంచుకున్నాడు. అతను అలా వంచుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"పాతదైంది గదమ్మా. లోపల ఒక ముక్క కాలింది" అన్నాను.

ఆమె తలూపి, "పాత కీబోర్డు ఇవ్వరా? ఆయన వేళ్లు ఆనింది కదండీ" అంది.

మా పద్ధతి మాకే అడ్డమొచ్చింది. ఆ కీబోర్డు వెనకంతా పసుపే. పారేశానని అబద్ధమాడొచ్చు. కానీ ఆయన వేళ్లు ఆనిందని ఆమె అన్నాక నాకు నోరు రాలేదు. దుమ్ముందమ్మా, తుడిచిస్తానని చెప్పి లోపలికి తీసుకుపోయి, స్పిరిట్ పోసి పిచ్చిపట్టినవాడిలా తోమాను. నా వెనకే వచ్చిన భాయ్ కొంచెంసేపు చూసి, "పసుపు గట్ల పోతదా అన్నా" అని నెమ్మదిగా అని వెళ్లిపోయాడు. పైకి కనిపించినంత మేరకు పోయింది. పాత పేపర్లో చుట్టి ఇచ్చాను.

ఆ తర్వాత ఆమె దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. రిపేరు మనిషికి ఫోన్ రాలేదంటే అంతా బాగుందని లెక్క. కార్తీక పౌర్ణమి వెళ్లింది, సంక్రాంతి వెళ్లింది, పూజలకు కొదవలేని కాలమంతా గడిచింది. ఆ ల్యాప్‌టాప్ మళ్లీ రాలేదు. "నువ్వే గెలిచినవన్నా" అన్నాడు భాయ్ ఒకసారి. నాకు లోపల గర్వంగానే అనిపించింది, దాచడమెందుకు.

మళ్లీ దసరా దగ్గరపడుతుండగా ఆమె వచ్చింది. ఒక్కతే. నుదుట బొట్టు లేదు. చూడగానే అర్థమైంది. తువ్వాలు అదే. బల్లమీద పెట్టి, "పండగొస్తోంది కదండీ. ఒకసారి విప్పి శుభ్రం చెయ్యండి" అంది.

"ఎప్పుడమ్మా?" అన్నాను.

"ఎండలు ముదరకముందే. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. ఇంట్లోనే పోయారు."

విప్పాను. మిషన్‌కు ఏ రోగమూ లేదు. భాయ్ వేసిన తీగలు మెరుస్తున్నాయి. తడి చుక్క పడిన ఆనవాలు ఎక్కడా లేదు. ఫ్యాన్ మీద మాత్రం పలచగా దుమ్ముంది. చాలాకాలంగా తిరగని ఫ్యాన్ అని తెలుస్తోంది. చిప్పు మీద వేడి లాగేందుకు వేసే పాత పేస్టు గీకి కొత్తది రాశాను. ఆమె చూస్తూ కూర్చుంది. బిగించి స్విచ్ నొక్కితే వెలిగింది.

"మంచిగనే ఉన్నదమ్మా. పాడు గాలేదు."

"తెలుసండీ. బాగానే ఉంది. కొట్టేవాళ్లే లేరు." తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, "ఒకసారి పలికిస్తారా అన్నయ్యగారూ?" అంది.

నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. ఏం కొట్టాలో తోచలేదు. ఆమెకు ఊరటగా ఉండేది ఏదైనా కొడదామనుకుని, "బాగున్నావా? వేళకు అన్నం తింటున్నావా?" అని కొట్టి మీట నొక్కాను. ఆ గొంతు పలికింది. అదే తేట, అదే నెమ్మది.

ఆమె తల పక్కకు వంచి విన్నది. విని, తల అడ్డంగా ఊపింది.

"కాదండీ. ఆయన నన్ను అట్టా అడగరు. ఇవి మీ మాటలు."

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెర మూసేశాను. ఎంత మంచి మనసుతో చేసినా అది చేయకూడని పని.

ఇంతలో భాయ్ తన బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు. ఏడాదిగా అతని లోపల ఏదో మిగిలిపోయి ఉందని నాకు తెలుసు. "అమ్మా, పోయినసారి ఒక మాట జెప్పలేదు మేము. మా దుకాణంల గట్ల చెయ్యం..." అని మొదలుపెట్టాడు. నేను కళ్లతో వారిస్తున్నా ఆగలేదు.

ఆమే ఆపింది. "నాకు తెలుసు నాయనా" అంది. "నీళ్లు."

నేనే చెప్పేశాననుకుని భాయ్ నావైపు చూశాడు.

"ఇంటికి పోయినాక ఆ పాత కీబోర్డు ఎండలో పెట్టి తుడుస్తంటే ఒక మీట ఊడొచ్చింది. దాని కింద పసుపు. ఆ పసుపు నేను నూరిందే, నాకు తెలియదా? అప్పుడు ఆ చప్పట్లు గుర్తొచ్చినయి." ఆమె నావైపు తిరిగింది. "ఆరోజు దుమ్ములో రాసింది కూడా అదే కదా అన్నయ్యగారూ?"

"అవునమ్మా. నీకు చెప్పొద్దని రాసిండు" అన్నాను. ఇక దాచడానికి ఎవరున్నారు.

"అంతే అనుకున్నాను."

"మరి ఆయననడగలేదా?" అన్నాడు భాయ్.

"ఎందుకు నాయనా? నాకు తెలియలేదని ఆయన సంతోషంగా ఉన్నారు. మిషన్ ఇంటికొచ్చిన రోజు మొదటి మాట ఏం పలికించారో తెలుసా? 'నీ పూజ ఫలించింది, మాట తిరిగొచ్చింది' అని. నవ్వుకుంటా కొట్టారు. నేను అవునన్నాను. ఉన్నన్నాళ్లూ ఆయన దాచారు, నేను తెలియనట్టే ఉన్నాను. పొద్దస్తమానం మాట్లాడేవారు. కాటా దగ్గర ఎవరెవరు తూకంలో మాయ చేయబోయారో, పెళ్లికి ముందు నన్ను ఎన్నిసార్లు బండి మీద చూశారో, అన్నీ చెప్పారు. గొంతున్నప్పుడు అన్ని మాటలు లేవండీ ఆయనకు. ఆ ఒక్క సంగతి తప్ప అన్నీ మాట్లాడుకున్నాం."

భాయ్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. నేను ఏడ్చాను. దుకాణంలో నిలబడి, గిరాకీ ఎదుట ఏడ్చాను. ఆమె తువ్వాలులో ల్యాప్‌టాప్ చుట్టుకుని, ఒక పువ్వు మాత్రమే పెడతానండీ అని చెప్పి వెళ్లింది.

ఆ తర్వాత కొన్నాళ్లకే నేను పని మానేశాను. చేతులు ఒక కారణం. ఆ కుర్చీలో కూర్చుని ఎవరి ల్యాప్‌టాప్ మీద వేళ్లు పెట్టినా 'ఇవి మీ మాటలు' అన్న ఆమె మాట గుర్తొచ్చేది.

ఈమధ్య మా బంధువుల పనిమీద బోధన్‌లో ఒక బ్యాంకుకు వెళ్లాను. యూరియా కొనే సమయం, డబ్బు తీసుకోవడానికి జనం కిక్కిరిసి ఉన్నారు. టోకెను తీసుకుని చోటు కోసం చూస్తుంటే గోడవారగా ఇనుప కుర్చీలో ఆమె కనిపించింది. కళ్లు మూసుకుని కూర్చుంది. చేతిలో పాసుబుక్ లేదు, టోకెను లేదు. పక్క కుర్చీ ఖాళీ అయితే వెళ్లి కూర్చున్నాను.

"ఏం పనిమీదొచ్చినవమ్మా?"

కళ్లు తెరిచి గుర్తుపట్టింది. నవ్వింది. "పనేం లేదన్నయ్యగారూ. అంగడికొచ్చినప్పుడల్లా కాసేపు కూర్చుని పోతాను."

ఎందుకని అడిగేలోగా పైన స్పీకరు పలికింది. ఒక టోకెను నంబరు, దాని వెంట కౌంటరు నంబరు. తేటగా, నెమ్మదిగా, ఏ భావమూ లేకుండా. ఆ ల్యాప్‌టాప్‌లోని గొంతే. కాకపోతే దాని తోడబుట్టింది. అలాంటి గొంతులు ఇప్పుడు ప్రతిచోటా ఉన్నాయి, నేను ఎన్నిసార్లు విన్నానో. ఒక్కసారి కూడా చెవిన పెట్టలేదు.

బ్యాంకు నిండా రైతులు చేతిలో టోకెన్లు పట్టుకుని, తల ఎత్తి, చెవులు రిక్కించి ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరు లేచి పోతున్నారు. నేను ఆమె మొహం వైపే చూస్తూ ఉండిపోయాను. మళ్లీ ఆ స్పీకరు గొంతు ఏదో నంబరు పిలిచింది. ఎవరూ లేవలేదు.

ఆమె నా చేతిలోని చీటీవైపు చూసింది. చదవడం రాదు కానీ అంకెలు వచ్చినట్టున్నాయి.

"మీ నంబరే. లేవండి అన్నయ్యగారూ" అంది. "ఆయన రెండోసారి పిలవరు."